పైపొర రైతుది, లోపొర సర్కారుది

కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరిచేలకూ కొబ్బరితోటలకూ కింద, రెండు కిలోమీటర్ల నుంచి ఐదు కిలోమీటర్ల లోతున చమురు, సహజ వాయువు ఉన్నాయి. ఓఎన్‌జీసీ 1978లో నరసాపురం దగ్గర ఈ బేసిన్‌లో అన్వేషణ బావి తవ్వకం మొదలుపెట్టింది. తర్వాత రాజోలు, తాటిపాక, పాశర్లపూడి, మండపేట, లింగాల, కైకలూరు చమురు పటాల్లోకి ఎక్కాయి. 1987లో రవ్వ, 2002లో డీ-6 నిక్షేపాలు సముద్రం అడుగున బయటపడ్డాయి. సముద్రంలో తవ్వితే భూయజమాని అనేవాడు ఉండడు. గట్టు మీద మాత్రం ప్రతి బావీ, ప్రతి గొట్టమూ ఎవరో ఒకరి పొలంలోంచే పోవాలి. ఆ పొలం యజమానికి చట్టం ఏ హక్కులు ఇచ్చింది, ఏవి ఇవ్వలేదు, ఏ దశలో ఎంత గడువు ఉంటుంది, నేలకూ నీటికీ ఏ ముప్పు రావచ్చు అన్నవి ముందే తెలిసి ఉండవలసిన విషయాలు.

భూమి కింద ఏముంది

కృష్ణా–గోదావరి బేసిన్ గట్టు మీద సుమారు 28 వేల చదరపు కిలోమీటర్లు విస్తరించింది. గోండ్వానా మహాఖండం చీలి, భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోయే క్రమంలో ఇక్కడ లోతైన పల్లాలు ఏర్పడ్డాయి. నదులు తెచ్చిన ఇసుక, ఒండ్రు కోట్ల సంవత్సరాల పాటు వాటిలో పొరలుగా పేరుకున్నాయి. ఆ పొరల్లో చిక్కిన జీవ పదార్థం వేడికీ ఒత్తిడికీ చమురుగా, వాయువుగా మారింది. రాఘవాపురం షేల్ అనే క్రెటేషియస్ యుగపు బంకరాయి ఇక్కడి ముఖ్యమైన మూలశిలల్లో ఒకటి. మండపేట ప్రాంతపు వాయువుకు అంతకంటే పాతదైన పెర్మియన్ యుగపు బొగ్గు, షేల్ పొరలు మూలం.

పుట్టిన చోటి నుంచి వాయువు పైకి జరుగుతూ ఇసుకరాతి రంధ్రాల్లో చేరుతుంది. ఆ ఇసుకరాయి మీద నీరు, గాలి చొరనివ్వని బంకరాతి పొర మూతలా ఉంటే అక్కడే ఆగిపోతుంది. నేల కింద చమురు చెరువులా నిలిచి ఉంటుందన్న ఊహ సరికాదు. నీళ్లు పీల్చుకున్న ఇటుకలా రాతి రంధ్రాల్లోనే అది ఇంకి ఉంటుంది. ఒక నిక్షేపం ఎన్నో సర్వే నంబర్ల కింద, కొన్నిసార్లు అనేక గ్రామాల కింద పరుచుకుని ఉంటుంది. బావి ఒకరి చేలో ఉన్నా అందులోకి వచ్చే వాయువు పక్క చేల కింది నుంచి కూడా వస్తుంది. ఏటవాలుగా తవ్వే పద్ధతిలో అయితే బావి అడుగు, బావి నోటికి కిలోమీటరుకు పైగా దూరంలో ఉండవచ్చు.

హక్కు ఎవరిది

పట్టాదారు పాసు పుస్తకం పంట పండించుకునే నేల మీద హక్కును చూపుతుంది. చమురు, వాయువు తవ్వుకునే హక్కు దానివల్ల రాదు. రాజ్యాంగంలోని కేంద్ర జాబితా 53వ అంశం చమురు క్షేత్రాల నియంత్రణను కేంద్రానికి అప్పగించింది. 1948 నాటి చమురు క్షేత్రాల నియంత్రణ, అభివృద్ధి చట్టం, దాని కింద వచ్చిన నియమాల ప్రకారం లైసెన్సుగానీ లీజుగానీ లేకుండా ఎవరూ అన్వేషించకూడదు, తవ్వకూడదు. ఈ చట్టాన్ని 2025లో పార్లమెంటు సవరించి, షేల్ గ్యాస్ వంటి వాటిని కూడా స్పష్టంగా దాని పరిధిలోకి తెచ్చింది. గట్టు మీది ప్రాంతాలకు కేంద్రం ఆమోదంతో రాష్ట్ర ప్రభుత్వం లీజు ఇస్తుంది. సముద్రంలోని క్షేత్రాలు 297వ అధికరణ ప్రకారం పూర్తిగా కేంద్రానివి.

రాయల్టీ కూడా ఈ లెక్కనే పోతుంది. 2016 నాటి అన్వేషణ విధానంలో గట్టు మీది చమురుకు 12.5 శాతం, వాయువుకు 10 శాతం రాయల్టీ ఉంది. అది రాష్ట్ర ఖజానాకు చేరుతుంది. బావి ఉన్న పొలం యజమానికి ఉత్పత్తిలో వాటా ఉండదు. ఆ బావి రోజుకు ఎంత వాయువు ఇచ్చినా అతనికి వచ్చేది నేలకు అద్దె, పంటకు నష్టపరిహారం, లేదా భూసేకరణ ధర మాత్రమే.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ నేల కింది ఖనిజాలు ప్రైవేటు ఆస్తి కావచ్చు. యజమాని కంపెనీకి లీజుకిచ్చి రాయల్టీ వాటా బేరమాడుకుంటాడు. అయితే పైనేలను, కింది ఖనిజాన్ని విడివిడిగా అమ్ముకునే వీలు కూడా అక్కడుంది. టెక్సాస్‌లో ఖనిజ హక్కు ఉన్నవాడికి పైనేలను తగినంత మేర వాడుకునే అధికారం ఉంటుంది. బార్నెట్ షేల్ పరుచుకున్న ఫోర్ట్‌వర్త్ పరిసరాల్లో ఇల్లు కొనే తెలుగువారు ఖనిజ హక్కులు తమకు వస్తున్నాయా, పాత యజమాని అట్టేపెట్టుకున్నాడా అన్నది దస్తావేజులో చూసుకోవాలి. అమెరికా రాయల్టీ కథలు విని కోనసీమ రైతు అదే ఆశించడం మాత్రం పొరపాటు.

సర్వే దశ

మొదట వచ్చేది భూకంపన సర్వే బృందం. చేలకు అడ్డంగా గీతలు గీసినట్టు, కంపనాలను పట్టే జియోఫోన్ తీగలు పరుస్తారు. వరుసగా గుంతలు తవ్వి, చిన్న మోతాదులో పేలుడు పదార్థం పెట్టి పేలుస్తారు. ఆ కంపనాలు లోపలి పొరలకు తగిలి తిరిగి వచ్చే సమయాన్ని లెక్కగట్టి అడుగున ఉన్న రాతి ఆకారాన్ని గీస్తారు. సర్వే జరిగిందంటే అక్కడ గ్యాసు ఉన్నట్టు కాదు, బావి పడుతుందనీ కాదు.

ఈ దశలో నష్టం చిన్నది, కానీ నిరూపించడం కష్టం. గట్లు తెగడం, బోదెలు పూడడం, పొట్ట దశలో ఉన్న వరి తొక్కిడికి పోవడం మామూలు. పేలుళ్లకు ముందే ఇంటి గోడలను, బోరుబావిని తేదీతో సహా ఫొటోలు తీసి ఉంచితే, తర్వాత పగుళ్లు వచ్చినప్పుడు అవి కొత్తవో పాతవో తేలుతుంది. పంట నష్టం అంచనా వేసే రోజున రెవెన్యూ సిబ్బంది, కంపెనీ ప్రతినిధి, రైతు ముగ్గురూ చేలో ఉండి సంతకాలు చేసిన పంచనామా కావాలి. అందులో పంట పేరు, వయసు, దెబ్బతిన్న విస్తీర్ణం సెంట్లతో సహా ఉండాలి.

బావి స్థలం

అన్వేషణ బావికి కొన్ని ఎకరాల స్థలం, రిగ్గూ లారీలూ వచ్చే దారి కావాలి. గ్రావెల్ పోసి, దిమ్మెసతో గట్టిచేసి, రిగ్గు నిలబెడతారు. బావి తవ్వేటప్పుడు బెంటొనైట్, బరైట్ కలిపిన బురదను లోపలికి పంపుతుంటారు. ఆ బురద బరువే లోపలి వాయువు ఎగదన్నకుండా అణచి ఉంచుతుంది. దశలవారీగా ఉక్కు గొట్టాలు దించి, గొట్టానికీ రాతికీ మధ్య సిమెంటు నింపుతారు. తాగునీటి పొరలకు రక్షణ ఈ సిమెంటే. గ్యాసు తగిలితే పరీక్ష కోసం కొన్నాళ్లు మంట వెలిగిస్తారు. తగలకపోతే సిమెంటు బిరడాలు వేసి బావిని మూసేస్తారు.

ఈ స్థలం రైతు నుంచి మూడు దారుల్లో వెళ్లవచ్చు. మొదటిది పరస్పర ఒప్పందంతో లీజు. రెండోది 2013 భూసేకరణ చట్టం 81వ సెక్షన్ కింద తాత్కాలిక స్వాధీనం. మూడోది అదే చట్టం కింద శాశ్వత సేకరణ. మూడింటి ఫలితాలూ వేరు కాబట్టి, సంతకానికి ముందు ఏ దారిలో అడుగుతున్నారో తెలుసుకోవాలి.

లీజులో అంతా కాగితం మీద రాసుకున్న మాటలే. అద్దె ఎంత, ఏటా ఎంత పెరుగుతుంది, గడువు తర్వాత పొడిగింపు ఎవరి ఇష్టం, పై మట్టిని విడిగా తీసి భద్రపరుస్తారా, గ్రావెల్ తీసేసి పొలాన్ని సాగుకు వచ్చేలా ఇస్తారా, పక్క చేలకు నీరు పారే బోదెలకు తూములు కడతారా అన్నవి అందులో ఉండాలి. నోటితో ఇచ్చిన ఉద్యోగ హామీని ఒప్పందంలో రాయించకపోతే అది నిలవదు. బావి స్థలానికి వచ్చే అద్దెను ఆదాయపు పన్ను లెక్కలో వ్యవసాయాదాయంగా చూపలేరు.

తాత్కాలిక స్వాధీనం మూడేళ్లు మించకూడదు. పరిహారం ఒకేసారిగానీ, విడతలుగాగానీ ఇస్తారు. మొత్తం మీద అంగీకారం కుదరకపోతే కలెక్టరు ఆ వివాదాన్ని భూసేకరణ అథారిటీకి పంపాలి. 82వ సెక్షన్ రైతుకు బలమైన ఆధారం. గడువు ముగిశాక నష్టానికి పరిహారం చెల్లించి నేలను తిరిగి అప్పగించాలి. అంతకు ముందు సాగు చేసిన పనికి ఆ నేల శాశ్వతంగా పనికిరాకుండా పోతే, దాన్ని శాశ్వతంగా సేకరించమని యజమాని కోరవచ్చు. అప్పుడు ప్రభుత్వం సేకరించి తీరాలి. గ్రావెల్ కింద గట్టిపడి, నీరు ఇంకని నేలను తిరిగి తీసుకుని చేతులు దులుపుకోనవసరం లేదు.

శాశ్వత సేకరణలో మార్కెట్ ధర నిర్ణయం కీలకం. స్టాంపుల శాఖ విలువ, చుట్టుపక్కల అలాంటి భూముల అమ్మకాల సగటు వంటి వాటిలో ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. గ్రామీణ ప్రాంతంలో దాన్ని ఒకటికీ రెండుకూ మధ్య రాష్ట్రం నిర్ణయించిన సంఖ్యతో హెచ్చిస్తారు. చెట్లు, కట్టడాల విలువ కలిపి, మొత్తానికి నూరు శాతం సొలేషియం (అదనపు ఊరట మొత్తం) చేరుస్తారు. కలెక్టరు ఇచ్చే పరిహార నిర్ణయం, అంటే అవార్డుతో తృప్తి చెందనివారు, దాన్ని ప్రకటించినప్పుడు ఆయన ఎదుట ఉంటే ఆరు వారాల్లోగా అథారిటీకి పంపమని రాతపూర్వకంగా కోరాలి. ఈ చట్టం కింద వచ్చిన అవార్డు మొత్తంపై 96వ సెక్షన్ ప్రకారం ఆదాయపు పన్ను లేదు.

కౌలు రైతు కూడా ఇందులో భాగస్వామే. 2013 చట్టం ఆ భూమి మీదే బతికే కౌలుదారులను, కూలీలను సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పనిచేస్తుంటే బాధిత కుటుంబాల్లో చేర్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే సీసీఆర్‌సీ కార్డు, పంట ఎవరు వేశారో చెప్పే మంచి రుజువు.

పైపులైను

బావి కొందరి పొలంలోనే పడుతుంది. పైపులైను మాత్రం వందల మంది పొలాల్లోంచి వెళ్తుంది. దీనికి వర్తించేది 1962 నాటి పెట్రోలియం, ఖనిజ పైపులైన్ల చట్టం. ఇందులో భూమిని కొనరు. భూమి యజమాని పేరునే ఉంటుంది. దాని కింద గొట్టం వేసి, మరమ్మతు చేసుకునే వినియోగ హక్కును మాత్రమే తీసుకుంటారు.

3వ సెక్షన్ కింద గెజిట్ ప్రకటన వచ్చిన నాటి నుంచి 21 రోజుల్లో కాంపిటెంట్ అథారిటీకి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవాలి. దారి మార్చమని అడగడానికి అసలు అవకాశం ఈ 21 రోజులే. అభ్యంతరాల విచారణ తర్వాత 6వ సెక్షన్ ప్రకటన వస్తే వినియోగ హక్కు బదిలీ అయిపోతుంది. ప్రకటనకు ముందే నివాసానికి వాడుతున్న స్థలం, శాశ్వత కట్టడం ఉన్న స్థలం, ఇంటిని ఆనుకున్న దొడ్డి కింద గొట్టం వేయకూడదని 7వ సెక్షన్ అంటోంది. ఒక మీటరు కంటే తక్కువ లోతులో కూడా వేయకూడదు.

గొట్టం పూడ్చాక పైన వరి, మినుము, కూరగాయలు యథావిధిగా పండించుకోవచ్చు. 9వ సెక్షన్ మూడింటిని నిషేధిస్తుంది: ఏదైనా కట్టడం నిర్మించడం, చెరువుగానీ బావిగానీ తవ్వడం లేదా ఆనకట్ట కట్టడం, చెట్టు నాటడం. డెల్టాలో ఈ మూడూ బరువైన నిషేధాలే. కొబ్బరి చెట్టు కొట్టేసిన చోట మళ్లీ కొబ్బరి నాటలేరు. వరి గిట్టక రొయ్యల చెరువు తవ్వుకుందామంటే ఆ పట్టీ అడ్డం వస్తుంది. రోడ్డు పక్క పొలం రేపు ఇళ్ల స్థలాలుగా మారే అవకాశముంటే, గొట్టం పోయే మేర ఆ అవకాశం పోతుంది.

వీటన్నిటికీ బదులుగా 10వ సెక్షన్ ఇచ్చేది రెండు: పంటకు, చెట్లకు, కట్టడాలకు జరిగిన నష్టం, దానికి తోడు 3వ సెక్షన్ ప్రకటన నాటి మార్కెట్ ధరలో 10 శాతం. పట్టీ వల్ల మిగతా పొలం రెండు ముక్కలైతే, దాని విలువ ఎంత తగ్గిందో ఈ 10 శాతంలో కనబడదు. అందుకే బేరమంతా మార్కెట్ ధర ఎలా కట్టారన్నదాని మీద, చెట్ల లెక్క మీద నడుస్తుంది. 2015 ఆగస్టు 28 నాటి కేంద్ర ఉత్తర్వు 2013 చట్టంలోని పరిహార నిబంధనలను, నాలుగో షెడ్యూలులోని ఇతర చట్టాలతో పాటు ఈ 1962 చట్టానికీ వర్తింపజేసింది. మార్కెట్ ధర తక్కువ కట్టారనుకుంటే దీన్ని ఆధారంగా చూపవచ్చు. కాంపిటెంట్ అథారిటీ నిర్ణయం నచ్చకపోతే జిల్లా జడ్జిని ఆశ్రయించాలి. కొబ్బరికి కాపు కాసే చెట్టు, లేత మొక్క వేర్వేరుగా లెక్క రాయించాలి. దింపు లెక్కలు, అమ్మకపు రసీదులు ఉంటే ఏడాది దిగుబడి తేలిగ్గా రుజువవుతుంది.

పాత పైపులైను ఉన్న పొలం కొనేవారు మరో జాగ్రత్త తీసుకోవాలి. వినియోగ హక్కు రిజిస్ట్రేషన్ ద్వారా కాక గెజిట్ ద్వారా వస్తుంది కాబట్టి ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్)లో కనబడకపోవచ్చు. పొలంలో పసుపు రంగు గుర్తురాళ్లు, హెచ్చరిక బోర్డులు ఉన్నాయేమో తిరిగి చూసి, గెజిట్‌లో సర్వే నంబరు సరిచూసుకోవాలి.

ప్రమాదాలు

1995 జనవరి 8న పాశర్లపూడిలో డ్రిల్లింగు జరుగుతున్న బావిలో ఒత్తిడి అదుపు తప్పి వాయువు ఎగదన్నింది, అంటుకుంది. 65 రోజుల పాటు మండిన ఆ బావిని మార్చి 15న అదుపు చేయగలిగారు. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. తవ్వే దశలో పెద్ద ముప్పు ఈ బ్లోఅవుటే. బురద బరువు చాలకపోయినా, బావి నోటి మీద బిగించే బ్లోఅవుట్ ప్రివెంటర్ సమయానికి పనిచేయకపోయినా ఇది జరుగుతుంది. బావుల భద్రతను 2017 ఆయిల్ మైన్స్ నిబంధనల కింద గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ పర్యవేక్షిస్తుంది.

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైను నుంచి కారిన వాయువు ఊరంతా కమ్మి ఒక్కసారిగా అంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరితోటలు మాడిపోయాయి. పొడి వాయువు కోసం వేసిన లైనులో తేమతో కూడిన వాయువు పారడం, అడుగున నీరు చేరి గొట్టం లోపలి నుంచి తుప్పు పట్టడం దీనికి కారణాలుగా విచారణలో తేలాయి. తుప్పు లోపల పుడుతుంది కాబట్టి పైన నడిచే రైతుకు ముందుగా తెలిసే వీలు లేదు. లీకు మొదలయ్యాక మాత్రం కొన్ని గుర్తులు కనిపిస్తాయి.

వంటగ్యాసుకు వచ్చే వాసన కావాలని కలిపినది. పెద్ద రవాణా లైన్లలోని వాయువులో సాధారణంగా ఆ వాసన ఉండదు. బుసకొట్టే శబ్దం, నిలిచిన నీటిలో ఆగని బుడగలు, గొట్టం దారి వెంబడే గడ్డి ఎండిపోవడం లీకుకు సూచనలు. అలాంటప్పుడు బండి స్టార్టు చేయడం, మోటారు స్విచ్చి వేయడం, పొయ్యి వెలిగించడం చేయకూడదు. గాలి వీచే దిక్కుకు ఎదురుగా దూరం నడిచి, అక్కడి నుంచి గుర్తురాయి మీది నంబరుకు, అగ్నిమాపక శాఖకు చెప్పాలి. ట్రాక్టరుతో లోతు దుక్కి, పొక్లెయినుతో బోదె తవ్వకం పైపులైను మీద ముందస్తు సమాచారం లేకుండా చేయకూడదు. గొట్టానికి ఉద్దేశపూర్వకంగా నష్టం చేస్తే 1962 చట్టంలో కఠిన జైలు శిక్షలున్నాయి.

నీరు, ఉప్పు, కుంగుబాటు

చమురు, వాయువుతో పాటు లోతైన పొరల నుంచి ఉప్పునీరూ వస్తుంది. బావి వయసు పెరిగేకొద్దీ దాని పాళ్లు పెరుగుతాయి. దాన్ని శుద్ధి చేయాలి, లేదా లోతైన పొరలోకే తిరిగి పంపాలి. బోదెలోకో మురుగు కాలువలోకో వదిలితే పొలం చవుడు తేలుతుంది. వ్యర్థాల గుంట అడుగున వేసే ప్లాస్టిక్ షీటు చిరిగినా అదే ఫలితం. బావి రాకముందే పొలం మట్టిని, బోరు నీటిని ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో పరీక్ష చేయించి ఉప్పు శాతం నమోదు చేయించుకుంటే, తర్వాత వచ్చిన మార్పును వాదనగా కాక రుజువుగా చూపవచ్చు. డెల్టాలో సముద్రపు ఉప్పు కూడా పైకి పాకుతుంది కాబట్టి, ముందు కొలత లేనిచోట తప్పు ఎవరిదో తేల్చడం దాదాపు అసాధ్యం.

కోనసీమలో నేల కుంగుతోందన్న ఆందోళన పాతది. రాతి రంధ్రాల్లోని ఒత్తిడి తగ్గితే పై బరువుకు పొరలు అణగడం శాస్త్రానికి తెలిసిన సంగతే. కాలిఫోర్నియాలోని విల్మింగ్టన్ చమురు క్షేత్రంలో నేల తొమ్మిది మీటర్ల దాకా కుంగింది. పొరల్లోకి నీరు ఎక్కించాక ఆగింది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ వాయు క్షేత్రంలో కుంగుబాటుతో పాటు భూప్రకంపనలు వచ్చాయి. చివరికి అక్కడ ఉత్పత్తిని ఆపేశారు. అయితే డెల్టాలు సహజంగా కూడా కుంగుతాయి. మెత్తని ఒండ్రు తన బరువుకే అణుగుతుంది. ఎగువ ఆనకట్టల వల్ల కొత్త ఒండ్రు రాక తగ్గింది. 2009లో నేచర్ జియోసైన్స్‌లో వచ్చిన ప్రపంచ డెల్టాల అధ్యయనం కృష్ణా, గోదావరి డెల్టాలను ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చింది. గ్యాసు తీత వాటా ఎంత, ఒండ్రు లోటు వాటా ఎంత అన్నది ఒక్కో గ్రామంలో కాలక్రమంలో ఎత్తు కొలిస్తేనే చెప్పగలిగేది.

పర్యావరణ అనుమతుల్లో వచ్చిన ఒక మార్పును గమనించాలి. 2020 జనవరిలో కేంద్రం అన్వేషణ బావులను బీ2 వర్గంలోకి మార్చింది. దాంతో వాటికి ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి కాకుండా పోయింది. ఉత్పత్తి దశ ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ సభ ఇంకా ఉంటుంది. ఉప్పునీరు, మురుగు పారుదల, కుంగుబాటు కొలతల గురించి అడిగి, మినిట్స్‌లో రాయించవలసిన చోటు అదే.

భూయజమాని దగ్గర ఉండాల్సినవి

1బీ, అడంగల్, ఎఫ్‌ఎంబీ నకళ్లు. వారసుల పేర్లతో సరిచేసిన పాసు పుస్తకం. చెట్లు, బోర్లు, గట్లు కనిపించే తేదీలున్న ఫొటోలు. మట్టి, నీటి పరీక్షల నివేదికలు. వచ్చిన ప్రతి నోటీసు, దానికి ఇచ్చిన ప్రతి జవాబుకు అందినట్టు రశీదు ఒకే దస్త్రంలో ఉండాలి. తాత పేరున ఉన్న భూమికి పరిహారం ఆగిపోవడం డెల్టా పల్లెల్లో తరచుగా కనిపించే ఇబ్బంది. నోటీసు వచ్చాక వారసత్వ మ్యుటేషన్‌కు పరుగెత్తేలోగా గడువు దాటుతుంది.

నోటీసులో మొదట చూడవలసింది అంకె కాదు, చట్టం పేరు, సెక్షన్. 81వ సెక్షన్ అయితే నేల తిరిగి వస్తుంది. 1962 చట్టమైతే నేల ఉంటుంది కానీ చెట్టు నాటే, చెరువు తవ్వే, ఇల్లు కట్టే వీలు పోతుంది. శాశ్వత సేకరణ అయితే నేలే పోతుంది. నేల కింది సంపదలో రైతుకు వాటా లేదని చట్టం చెప్పినప్పుడు, నేల మీది నష్టానికి చివరి రూపాయి వరకు లెక్క అడగడం అతని హక్కు. ఆ లెక్కకు సిద్ధం కావాల్సింది గొట్టం పూడ్చాక కాదు, 21 రోజుల గడువు నడుస్తుండగానే.